సెకండ్ హ్యాండ్ హాట్ హ్యాచ్ కొన్నాను: రీమ్యాప్ ముందా, రిపేర్లు ముందా?

#1 మూడోగేరు
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పోయిన వారం బండి ఇంటికొచ్చింది, ఇక ఆగలేకపోయాను. 5 తలుపుల హ్యాచ్‌బ్యాక్. 2.0 లీటర్ల టర్బో పెట్రోలు, డైరెక్ట్ ఇంజెక్షన్, 6 గేర్ల మాన్యువల్. కంపెనీ లెక్కన 200 హార్స్‌పవర్, 280 న్యూటన్ మీటర్ల టార్క్. వయసు 9 ఏళ్లు, మీటరు మీద 1,12,000 కిలోమీటర్లు. నాకు ముందు ఇద్దరు నడిపారు.

చిన్నప్పటి నుంచీ ఇలాంటి బండి మీదే మనసు. వెనక సీట్లో అమ్మానాన్న సుఖంగా కూర్చోవాలి, డిక్కీలో సామాను పట్టాలి, ఒక్కడినే వెళ్లిన రోజున మూడో గేరులో కాలు నొక్కితే వీపు సీటుకి అతుక్కోవాలి. మూడూ ఒకే బండిలో దొరికాయి.

చేయాలనుకుంటున్నవి: స్టేజ్ 1 రీమ్యాప్ (వేరే భాగాలు మార్చకుండా, ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), 19 అంగుళాల అల్లాయ్‌లు, 30 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు, గాలి బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వు. ఏ వరసలో చేయమంటారు?

ఇంకో సంగతి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక నిమిషం వణుకుతుంది, తర్వాత మామూలే. అమ్మినాయన "ఈ ఇంజన్లన్నీ అంతే" అన్నాడు.

#2 టర్బోగాలి
స్వాగతం తమ్ముడూ. ముందు రీమ్యాప్ చేయించు. నాదీ ఇలాంటి 2.0 టర్బోనే, స్టేజ్ 1తో 240 దాటింది, టార్క్ 350 దగ్గర. బండి మారిపోతుంది. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

#3 పాతపానా
బండి బాగుంది, కానీ రీమ్యాప్ మాట కాసేపు పక్కన పెడదాం. "అన్నీ అంతే" అనే మాట ఏ ఇంజన్ గురించి చెప్పినా నమ్మొద్దు. నిమిషం పాటు వణుకుతోందంటే ఆ నిమిషం ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండటం లేదు. దాని మీద ఇంకో 40 హార్స్‌పవర్ ఎక్కిస్తే ఆ లోపం పోదు, పెద్దదవుతుంది.

నాకు ఇవి చెప్పు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు? మాటగా చెప్పింది కాదు, బిల్లు కానీ, ఇంజన్ కవరు మీద కిలోమీటర్లు రాసిన స్టిక్కరు కానీ ఉందా? బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలే రకం ఇంజన్ నీది. కిలోమీటర్లు తక్కువే అని ఊరుకోకు, రబ్బరుకి వయసు కూడా లెక్కే.

టైర్ల పక్కన డాట్ అక్షరాల తర్వాత వచ్చే చివరి 4 అంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగింటివీ రాయి. లోపలి అంచు చేత్తో తడిమి చూడు, పైకి కనపడని అరుగుదల అక్కడే ఉంటుంది.

తర్వాత ఓబీడీ స్కానరు (ఇంజన్ కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి ఎర్రర్ కోడ్‌లు చూడు. కోడ్‌లు లేకపోతే సంతోషించకు, రెడీనెస్ మానిటర్లు (బండి తనకు తానే చేసుకునే పరీక్షలు) ఎన్ని పూర్తయ్యాయో కూడా చూడు.

#4 మూడోగేరు
అన్నా, చూశాను. బెల్టు గురించి కాగితం లేదు, స్టిక్కరూ లేదు. ముందు టైర్లు రెండూ ఒక కంపెనీవి, వెనకవి వేర్వేరు. వెనక ఎడమది 7 ఏళ్ల పాతది. ముందు రెండింటికీ లోపలి అంచు దాదాపు నున్నగా అయిపోయింది, బయట మాత్రం కొత్తదానిలా ఉంది. కొనేటప్పుడు బయట అంచే చూశాను.

కోడ్‌లు ఏమీ లేవు. కానీ మానిటర్లలో మూడు "పూర్తి కాలేదు" అని చూపిస్తోంది.

#5 నల్లమసి
నేను షెడ్డులోనే పనిచేస్తాను, రోజూ ఈ సంగతే చూస్తుంటాను. స్కానరుతో కోడ్‌లు చెరిపేస్తే మానిటర్లన్నీ సున్నాకి వస్తాయి. బ్యాటరీ విప్పినా చాలా బళ్లలో అంతే. చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టి, నిలకడ వేగంతో కొంత, ఆగుతూ సాగుతూ కొంత నడిస్తే అవి ఒక్కొక్కటే పూర్తవుతాయి. అంటే నీకు అమ్మే ముందు ఎవరో కోడ్‌లు తుడిచారు, లేదా బ్యాటరీ తీశారు. వారం రోజులు మామూలుగా నడుపు, ఉన్న కోడ్ దానంతటదే బయటికి వస్తుంది.

ఈలోగా లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడు, అంటే కంప్యూటర్ మామూలు లెక్క మీద పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో. ఐడిల్‌లో (కాలు నొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) ఎంత, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఎంత, రెండూ రాసుకో. ఒక్క అంకె వల్ల ఉపయోగం లేదు, రెండూ పక్కపక్కన ఉంటేనే అర్థం చిక్కుతుంది.

ఇది చదివేవాళ్లలో బండి కొనబోయేవాళ్లుంటే ఒక మాట: మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే ఆ రోజు చూడకండి. ఇంకో రోజు పొద్దున్నే, బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తెలుసుకున్నాకే స్టార్ట్ చేయించండి.

#6 వంపుదారి
ఆ టైర్లతో వానలో వేగంగా వెళ్లకు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

#7 మూడోగేరు
(9 రోజుల తర్వాత)
నల్లమసి అక్కా, మీరన్నట్టే వచ్చింది. రెండు కోడ్‌లు. పీ0302, అంటే 2వ సిలిండర్ మిస్‌ఫైర్. పీ0171, మిశ్రమంలో పెట్రోలు తక్కువ. ట్రిమ్ ఐడిల్‌లో +14 శాతం, 3,000 దగ్గర +3.

#8 పాతపానా
మంచి సమాచారం. ఐడిల్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గుతోందంటే, సెన్సరు లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో లోపలికి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగగాలి వాటా పెద్దదిగా కనిపిస్తుంది. 3,000 దగ్గర అసలు గాలే ఎక్కువ, దొంగగాలి అందులో కలిసిపోతుంది. దీనికి తిరగేసి, లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగి ఉంటే పెట్రోలు పంపును, ఫిల్టరును అనుమానించేవాణ్ని.

ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీయడానికి చూడు. లోపలికి గట్టిగా లాగుతుంటే, సన్నగా ఈల వినిపిస్తుంటే పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) లోపలి పొర చిరిగినట్టే. తెలియకపోతే స్మోక్ టెస్ట్ చేయించు. ఇన్‌టేక్‌లోకి పొగ పంపితే చిల్లు ఎక్కడుందో అదే చూపిస్తుంది.

మిస్‌ఫైర్ వేరే లెక్క. 2వ సిలిండర్ కాయిల్ తీసి 4వ దానికి, 4వ దానిది 2కి మార్చు. మర్నాడు పొద్దున్న కోడ్ పీ0304గా మారితే కాయిల్ పోయింది. 2లోనే ఉంటే ప్లగ్‌లు కూడా అలాగే మార్చి చూడు. రూపాయి పెట్టకుండా ఇంతవరకూ తెలుసుకోవచ్చు, అందుకే ముందే నాలుగు కాయిల్స్ కొనేయకు.

#9 టర్బోగాలి
నాకైతే ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి ట్యాంకులో పోస్తే చాలనిపిస్తోంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకి వాల్వుల మీద మసి పట్టడం మామూలే కదా.

#10 నల్లమసి
మసి గురించి మీ అనుమానం సరైనదే కావచ్చు, మందు మాత్రం అక్కడికి చేరదు. పాత పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వు వెనక పడేది, వాల్వుని కడుగుతూ లోపలికి వెళ్లేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది. వాల్వు వెనక భాగానికి తగిలేది గాలి, ఆ గాలిలో పీసీవీ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి. అది వేడి వాల్వు మీద కాలి పొరలు పొరలుగా గట్టిపడుతుంది. ట్యాంకులో ఎన్ని సీసాలు పోసినా వాల్వు వెనక్కి ఒక్క చుక్క వెళ్లదు. ఇంజెక్టర్ మూతులు శుభ్రపడితే పడొచ్చు.

పని చేసేది ఒకటే. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి, ఏ సిలిండర్ వాల్వులు మూసుకుని ఉన్నాయో చూసుకుని, దాంట్లోకి అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టాలి. ఒకటయ్యాక క్రాంక్ తిప్పి ఇంకోటి. వాల్వు తెరిచి ఉండగా కొడితే ఆ పొడి సిలిండర్‌లోకి పోతుంది, కాబట్టి చేసినవాళ్ల చేతే చేయించండి.

ఇంకోటి. కామ్‌షాఫ్ట్ మీద నడిచే హై ప్రెషర్ పెట్రోలు పంపు ఉన్న ఇంజన్లలో కొన్నింటికి మధ్యలో చిన్న గిన్నెలాంటి ఫాలోవర్ ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ ఈఏ113 రకం 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ దీనికి పేరుపడ్డది. పైన నల్లటి పూత అరిగి లోహం మెరుస్తుంటే అప్పుడే మార్చాలి. వదిలేస్తే చిల్లు పడి, పంపు రాడ్డు వెళ్లి కామ్‌నే తినేస్తుంది. విప్పి చూడటానికి ఎక్కువసేపు పట్టదు, మారిస్తే చిన్న వస్తువు, మార్చకపోతే కామ్‌షాఫ్ట్. నీ ఇంజన్‌లో అది ఉందో లేదో మాన్యువల్‌లో చూసుకో.

#11 సాయంత్రపుడ్రైవు
ఆయిల్ ఏది వాడాలో కూడా చెప్పండి. ఒకరు 5డబ్ల్యూ30 అంటారు, ఒకరు 5డబ్ల్యూ40 అంటారు.

#12 పాతపానా
ఆ అంకెల కంటే ముందు డబ్బా వెనక రాసిన అప్రూవల్ చూడాలి. నీ కంపెనీ మాన్యువల్ ఏ ప్రమాణం అడిగిందో ఆ పేరు డబ్బా మీద ఉండాలి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకి ఏపీఐ ఎస్‌పీ ఉన్నది తీసుకోవడం మంచిది. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడ్డప్పుడు స్పార్క్ కంటే ముందే మిశ్రమం అంటుకునే జబ్బుకి కూడా పరీక్ష పెట్టారు. ఆ దెబ్బకి పిస్టన్లు పగులుతాయి. అందుకే ఆరో గేరులో 1,500 దగ్గర కాలు పూర్తిగా నొక్కే అలవాటు వదులుకోండి, గేరు దించి నొక్కండి.

30,000 కిలోమీటర్లకోసారి అనే లాంగ్ లైఫ్ లెక్కను వాడిన టర్బో బండికి నేను ఒప్పుకోను. 10,000 లేదా ఏడాది, ఏది ముందైతే అది.

#13 మూడోగేరు
(3 వారాల తర్వాత)
పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఆయిల్ మూత ఐడిల్‌లో రెండు చేతులతో లాగితే కానీ రాలేదు. పీసీవీ విప్పితే లోపలి రబ్బరు పొర అంచున గోరంత చిరుగు. మార్చాక ట్రిమ్ +2కి దిగింది, పీ0171 మళ్లీ రాలేదు. కానీ పొద్దుటి వణుకు పోలేదు. కాయిల్స్ మార్చి చూశాను, ప్లగ్‌లు మార్చి చూశాను, కోడ్ 2 మీదే నిలబడింది. అప్పుడు మానిఫోల్డ్ విప్పించాను.

2వ సిలిండర్ వాల్వుల వెనక తారు ముద్దలా ఉంది. కాడ ఎక్కడ మొదలైందో, తల ఎక్కడ మొదలైందో తెలియలేదు. మిగతా మూడూ దానికి కొంచెం తక్కువ. శుభ్రం చేయించిన మర్నాడు పొద్దున స్టార్ట్ చేసి బయట నిలబడి విన్నాను. వణుకు లేదు. ఆ ఐడిల్ చప్పుడు వింటూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

బెల్టు కూడా విప్పించాను. వీపు మీద అడ్డంగా సన్నటి పగుళ్లు, వాటర్ పంపు కింద ఎండిపోయిన గులాబి రంగు కూలెంట్ చారలు. బెల్టు, టెన్షనరు, పంపు మూడూ కలిపి మార్చాం. పాత బెల్టు షెల్ఫ్‌లో పెట్టుకున్నాను. పాతపానా అన్నా, మీరు అడగకపోతే నేను దీని మీదే రీమ్యాప్ చేయించేవాణ్ని.

బ్రేక్ ఫ్లూయిడ్ టీ డికాక్షన్ రంగులో వచ్చింది.

#14 పాతపానా
బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు కలిశాక ఆ ప్రమాణం ఒప్పుకునే కనీసం 155 డిగ్రీలే. డాట్ 5.1 అయితే 260, 180. పొడవాటి దిగుడు దారిలో వరసగా బ్రేకులు వేస్తే ఆ తేడా పెడల్ కిందే తెలుస్తుంది, మరిగిన ఫ్లూయిడ్‌లో బుడగలు పుట్టి పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది. రెండేళ్లకోసారి మార్చు. డాట్ 5 అనే సిలికాన్ రకం వేరే సరుకు, పేరు దగ్గరగా ఉందని కలపకు.

క్యాలిపర్ స్లైడ్ పిన్నులు కూడా తీసి గ్రీజు పెట్టించు. జాకీ మీద మాత్రమే నిలబెట్టి బండి కిందికి ఎప్పుడూ దూరకు, స్టాండ్లు పెట్టు.

#15 మూడోగేరు
పెట్టాను అన్నా. ఇప్పుడు స్ప్రింగులు, 19 అంగుళాల అల్లాయ్‌ల సంగతి చెప్పండి.

#16 వంపుదారి
ఇది నాకు ఇష్టమైన విషయం, కొంచెం పొడుగ్గా రాస్తాను.

నీ బండికి వచ్చింది 225/45 ఆర్17. టైరు పక్క గోడ ఎత్తు 225లో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. 225/35 ఆర్19 వేస్తే ఆ గోడ 79కి దిగుతుంది. మొత్తం చుట్టు వ్యాసం మాత్రం 634 నుంచి 640, దాదాపు అంతే. అంటే నీకు కొత్తగా వచ్చింది లోహం, పోయింది రబ్బరు. గుంటలో పడ్డప్పుడు దెబ్బ తినేది రిమ్ము. చక్రం బరువు సస్పెన్షన్ మోయని బరువు, అది పెరిగితే గతుకుల మీద టైరు నేలకి అంటుకోవడం తగ్గుతుంది. చూడటానికి బాగుంటుందని నాకూ తెలుసు. కానీ వంపుల్లో నువ్వు వెతుకుతున్నది దానివల్ల రాదు. 17 ఉంచుకో, లేదా తేలికైన 18 చూడు. ఏది వేసినా హబ్ రింగు సరిపోవాలి, బోల్టు తల గుండ్రటిదా కోనుదా అని రిమ్ముతో పోల్చాలి. కోను రిమ్ముకి గుండ్రటి బోల్టు బిగిస్తే అంచు మీద మాత్రమే ఆనుతుంది, కొన్నాళ్లకి వదులవుతుంది.

ఇక స్ప్రింగులు. ముందు టైర్ల లోపలి అంచు ఎందుకు అరిగిందో తేలకుండా ఎత్తు దించొద్దు. లోయర్ ఆర్మ్ వెనక బుష్ (రబ్బరు అతుకు) చిరిగి ఉంటుందని నా అనుమానం. గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగు కొంచెం పక్కకి లాగుతోందా? 1,12,000 తిరిగిన షాకబ్జర్ల మీద గట్టి పొట్టి స్ప్రింగులు వేస్తే ఉన్న కాస్త ప్రాణం కూడా పోతుంది. పైగా ముందు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న బండిని మరీ దించితే లోయర్ ఆర్మ్ పైకి వాలుతుంది, ఒరిగినప్పుడు చక్రానికి దొరకాల్సిన కోణం దొరకదు. కిందికి దిగిన బండి ఎక్కువ ఒరుగుతుందంటే నమ్మరు కానీ జరుగుతుంది.

1976లో అమ్మకానికి వచ్చిన మొదటి గోల్ఫ్ జీటీఐకి 110 హార్స్‌పవరే. దాన్ని 5,000 బళ్లు చేసి ఆపేద్దామనుకున్నారట, జనం ఆగనివ్వలేదు. 1984లో వచ్చిన పెజో 205 జీటీఐకి 105. జనం వాటిని ఇప్పటికీ తలుచుకునేది ఆ అంకె చూసి కాదు, బరువు తక్కువ, స్టీరింగు చేతికి అన్నీ చెప్పేది. తర్వాత ముందు చక్రాలకే 300 ఇచ్చే రోజులొచ్చాయి. 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్ కోసం స్టీరింగు లాగేయకుండా ముందు నకిల్‌నే (చక్రం బిగించే భాగం) వేరేగా తయారు చేయాల్సొచ్చింది, దానికి తోడు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది). నీ బండికి ఆ రెండూ లేవు. 350 న్యూటన్ మీటర్లు వచ్చాక ఆ పని చేయాల్సింది నీ టైర్లూ, నీ బుష్‌లే.

#17 నల్లమసి
బ్లో ఆఫ్ వాల్వు గురించి రెండు ముక్కలు. లోపలికి వచ్చే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సరు ఉన్న బండిలో ఆ గాలి అప్పటికే లెక్కలోకి వచ్చేసింది. నువ్వు బయటికి వదిలేస్తే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లేని గాలికి పెట్రోలు పోస్తుంది. గేరు మార్చిన ప్రతిసారీ మిశ్రమం చిక్కబడుతుంది. కంపెనీ ఇచ్చిన డైవర్టర్ వాల్వు గాలిని టర్బో ముందుకే తిప్పి పంపుతుంది, దాని పొర చిరగకుండా ఉందో లేదో చూసుకుంటే చాలు. సైలెన్సర్‌లో టపటపా పేలే మ్యాపులు కూడా వద్దు, ఆ పెట్రోలు కాలేది క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర.

#18 టర్బోగాలి
ఇక్కడ నేనొకటి చెప్పాలి. మొదట్లో ముందు రీమ్యాప్ చేయించమన్నాను. నా బండికి అలాగే చేశాను నిజమే, కానీ రెండో వారానికే నాలుగో గేరులో ఆర్‌పీఎం పైకి పోయింది, వేగం పెరగలేదు. క్లచ్చు జారింది. జారిన వేడికి ఫ్లైవీల్ కూడా పాడైంది. మ్యాపు తప్పు కాదు, క్లచ్చు అప్పటికే అరిగి ఉంది, నేను చూడలేదు. ఆ సంగతి నీకు అప్పుడే చెప్పాల్సింది. తమ్ముడూ, ముందు నీ క్లచ్చు చూసుకో.

#19 మూడోగేరు
(నెల తర్వాత)
వంపుదారి గారూ, రెండు వైపులా వెనక బుష్ సగానికి చిరిగి ఉంది. బుష్‌లు, లింక్ రాడ్లు, నాలుగు షాకబ్జర్లు, స్ట్రట్ పైన మౌంట్లు మార్చాం. స్ప్రింగులు కంపెనీవే ఉంచాను. నాలుగూ ఒకే రకం మంచి టైర్లు, 17 అంగుళాలవే. ఆ తర్వాత అలైన్‌మెంట్.

రోజూ వెళ్లే దారిలో ఒక ఎడమ వంపు ఉంది. మధ్యలో అతుకు, ఎప్పుడూ అక్కడ బండి పక్కకి గెంతేది, నేను స్టీరింగు సరిదిద్దుకునేవాణ్ని. ఇప్పుడు అక్కడ ఒక్క దెబ్బ, అంతే, మళ్లీ నిటారుగా. చేతులు కదపక్కర్లేదు. పవర్ అదే 200. కానీ వేరే బండి నడుపుతున్నట్టుంది.

రీమ్యాప్ మీద ఆశ మాత్రం చావలేదు.

#20 పాతపానా
చావనక్కర్లేదు. ఇప్పుడు అడిగావు, ఇప్పుడు చెప్తాను. ఖాళీగా, సురక్షితంగా ఉన్న చోట ఆరో గేరులో 2,500 నుంచి ఒక్కసారి పూర్తిగా నొక్కి స్కానరుతో లాగ్ (అంకెల రికార్డు) తీయి. ఆర్‌పీఎంని వేగంతో భాగించు. గేరు ఒకటే కాబట్టి ఆ భాగఫలం మారకూడదు. కాలికి తెలియకముందే జారుడు అక్కడ కనిపిస్తుంది.

మూడో గేరులో ఇంకో లాగ్ తీయి. ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్ట్, ఒక్కో సిలిండర్‌కి నాక్ (మిశ్రమం అదుపు తప్పి మండటం) వల్ల స్పార్క్ టైమింగ్ ఎంత వెనక్కి తీసిందో, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత.

#21 మూడోగేరు
తీశాను. బూస్ట్ బాగుంది, అడిగినదానికీ వచ్చినదానికీ 50 మిల్లీబార్ మించి తేడా లేదు. నాక్: 95 ఆక్టేన్‌తో 3వ సిలిండర్‌లో 4.5 డిగ్రీలు వెనక్కి. 98 పోసి రెండు ట్యాంకులు నడిపాక 1.5. వరసగా మూడుసార్లు లాగితే ఇన్‌టేక్ గాలి 34 నుంచి 51 డిగ్రీలకి వెళ్లింది.

క్లచ్చు: 27, 27, 27, టార్క్ పూర్తిగా వచ్చిన చోట 29, మళ్లీ 27. కాలికి నాకేమీ తెలియలేదు.

#22 నల్లమసి
జారుతోంది. కంపెనీ టార్క్‌కే జారితే 350కి ఆగదు. ఇంజన్ ఆపేటప్పుడు గడగడమని చప్పుడు వస్తోందా? వస్తుంటే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (కుదుపులు మింగే రెండు ముక్కల చక్రం) కూడా అయిపోయింది. గేర్‌బాక్సు దించేది ఒక్కసారే, క్లచ్చు, ఫ్లైవీల్, రిలీజ్ బేరింగు, వెనక క్రాంక్ సీలు కలిపి చూపించు. కొత్త క్లచ్చుతో మొదటి 1,000 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. మ్యాపు 98కి రాయించుకుంటే ఎప్పుడూ 98 దొరకాలి. దొరకని రోజులుంటే 95కే రాయించుకో, నాలుగు హార్స్‌పవర్లు తగ్గినా పర్లేదు. బీమా వాళ్లకి ముందే రాసి తెలియజేయి.

#23 మూడోగేరు
చప్పుడు వస్తోంది అక్కా, అది మామూలే అనుకున్నాను. గేర్‌బాక్సు దించడానికి రోజు ఖాయం చేశాను. తర్వాత 1,000 కిలోమీటర్లు, తర్వాత 95 మ్యాపు. ముందూ తర్వాతా ఒకే దారిలో, అదే మూడో గేరులో తీసిన రెండు లాగ్‌లూ ఇక్కడ పెడతాను.

#24 టర్బోగాలి
రెండూ ఒకే రకం వాతావరణంలో తీయి తమ్ముడూ. ఇన్‌టేక్ ఉష్ణోగ్రత కాలమ్ మర్చిపోకు, అది లేకపోతే ఆ రెండింటినీ పోల్చలేం.